మెరిసే తుపాకి, మట్టి రంగు తుపాకి

మా నాన్న నడిపే సాంచల మీద నేసే బట్టకు రంగు ఉండదు. మన భివండిలో చాలా కార్ఖానాల్లో అంతే. సాంచ మీద నుంచి దిగిన తాకాను గ్రే బట్ట అంటారు. అది టెంపో ఎక్కి, రంగులు వేసే చోటికి, ప్రింటు వేసే చోటికి వెళ్ళిపోతుంది. తర్వాత అది కర్టెన్ అయిందో, చొక్కా అయిందో, ప్యాంటు అయిందో నేసినవాళ్ళకు తెలియదు.

పోయిన దీపావళికి మా తమ్ముడు బజారులో ఒక ప్యాంటు కొనిపించుకున్నాడు. ఆకుపచ్చ, గోధుమ, నలుపు రంగుల మరకలు కలిసిపోయి ఉన్న ప్యాంటు. వాడు దాన్ని మిలిటరీ ప్యాంటు అంటాడు. నాన్న ఆ బట్టను వేళ్ళ మధ్య నలిపి చూసి, "ఇది మన దగ్గర నేసిన రకమే కావచ్చు" అన్నాడు. మంచం మీద కూర్చున్న తాత మాత్రం నవ్వలేదు. "ఇది దాక్కునే రంగు. మా నాయిన కాలంల దొరలు షికారుకు ఇసొంటి మట్టి రంగు బట్టలే తొడిగేటోళ్ళు" అన్నాడు.

ఈ మాట మా చరిత్ర సార్‌తో చెప్పాను. "అయితే దాక్కునే రంగు వేటగాడి బట్ట మీదికి, తుపాకి మీదికి ఎలా వచ్చిందో తెలుసుకుని మన పత్రికకు రాయి" అన్నారు సార్. అందుకే ఈ వ్యాసం. నేను ఎప్పుడూ తుపాకి ముట్టుకోలేదు. కానీ తుపాకి కథ వెతుకుతూ పోతే అది మా ఇంటి కథ దాకా వచ్చింది.

తాత చెప్పిన సంగతి

మాది పాత కరీంనగర్ జిల్లాలో ఒక ఊరు. మా ముత్తాత గుంట మగ్గం నేసేవాడు. అది నిజాం కాలం. దొర ఇంటికి చుట్టాలో, పట్నం నుంచి అధికారులో వస్తే షికారు పెట్టేవారట. షికారు అంటే ఊరికంతా వెట్టి. దొరలు అడవిలో మంచెల మీద తుపాకులు పట్టుకుని కూర్చుంటారు. ఊరివాళ్ళు వరుసగా నిలబడి డప్పులు కొడుతూ, అరుస్తూ, పొదలను కర్రలతో బాదుతూ జంతువులను మంచెల వైపు తోలాలి. దీన్ని హాకా అంటారు. కూలి లేదు. రానంటే కుదరదు.

"మంచె మీదున్నోళ్ళు మట్టి రంగు బట్టలల్ల ఉందురు. ఆకుల చాటున ఉందురు. మా నాయిన తెల్ల ధోతి, తెల్ల రుమాలు. ఆయన నేసుకున్నదే" అని తాత చెప్పాడు.

ఒకసారి హాకాలో పొద కదిలింది. పంది అనుకుని ఎవరో కాల్చారు. ఛర్రాలు, అంటే చిన్న సీసపు గుండ్లు, మా ముత్తాత కుడి కాలిలో దిగాయి. ప్రాణం పోలేదు. కానీ ఆ కాలు మళ్ళీ సరిగా పనిచేయలేదు. గుంట మగ్గం నేయాలంటే గుంటలో కాళ్ళు పెట్టి కర్రలను తొక్కాలి. కాలు లేని నేతగాడికి మగ్గం లేదు. ఆ తర్వాత ఇల్లు అప్పుల్లో పడింది. మా తాత పెద్దవాడై, కాలితో తొక్కకుండా మోటారుతో నడిచే సాంచలు ఉన్నాయని విని భివండి బండి ఎక్కాడు. మేము ఈ ఊళ్ళో ఉండటానికి కారణాల్లో అది కూడా ఒకటి.

"తెల్ల రుమాలు కనబడలేదా తాతా?" అని అడిగాను.

"కనవడకేం? చూసేటోడు చూడాలె గదా" అన్నాడు.

మెరుపు గౌరవంగా ఉన్న కాలం

తుపాకి మొదటి నుంచీ దాక్కునే వస్తువు కాదు. వేసవి సెలవుల్లో ఊరికి వెళ్తూ హైదరాబాదులో ఆగినప్పుడు సాలార్‌జంగ్ మ్యూజియం చూశాం. అక్కడ ఆయుధాల గది ఉంది. కత్తుల పిడుల మీద, తుపాకుల మీద బంగారు, వెండి పని ఉంటుంది. తీగలు, పువ్వులు, అక్షరాలు చెక్కి ఉంటాయి. ఇవి అడవిలో దాచుకోవడానికి చేసినవి కావు, దర్బారులో చూపించుకోవడానికి చేసినవి.

అక్బరు చక్రవర్తి తనకు ఇష్టమైన తుపాకికి 'సంగ్రామ్' అని పేరు పెట్టుకున్నాడు. 1568లో చిత్తోడ్ కోట ముట్టడిలో ఆ తుపాకితోనే రాజపుత్ర సేనాని జైమల్‌ను కొట్టాడని ఆయన ఆస్థాన చరిత్ర చెబుతుంది. తుపాకికి పేరు పెట్టి, బంగారంతో అలంకరించి, బొమ్మల్లో గీయించుకున్న కాలం అది. అయితే ఒక విచిత్రం ఉంది. మొఘలుల కాలపు వేట చిత్రాలు కొన్నింటిలో యువరాజులు, వాళ్ళ వెంట ఉన్నవాళ్ళు ఆకుపచ్చ దుస్తులు వేసుకుని కనిపిస్తారు. అంటే జంతువు కంట పడకూడదన్న ఆలోచన అప్పటికే ఉంది.

మన హైదరాబాదులో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ వేటకు పేరు పడ్డవాడు. 1869 నుంచి 1911 వరకు ఆయన కాలం. ఆయన ఆస్థాన ఫోటోగ్రాఫర్ రాజా దీన్ దయాళ్ తీసిన వేట ఫోటోలు ఇప్పటికీ ఉన్నాయి. చచ్చిన పులులను ముందు పరిచి, వెనుక తుపాకులతో నిలబడిన వాళ్ళు కనిపిస్తారు. అంత పెద్ద షికారులో ఏనుగులు, గుడారాలు, వందల మంది హాకావాళ్ళు ఉంటారు. జంతువును వెతుక్కుంటూ దొర పోవలసిన పని లేదు. జంతువే దొర దగ్గరికి తోలబడుతుంది. కాబట్టి తుపాకి మెరిసినా నష్టం లేదు.

నష్టం ఎవరికి? ఒక్కడే వేటకు పోయేవాడికి. పల్లెల్లో కొందరి దగ్గర భర్మార్ తుపాకి ఉండేది. గొట్టం మూతి నుంచి మందు, గుండు దట్టించి కాల్చే తుపాకి అది. మళ్ళీ దట్టించడానికి చాలా సమయం పడుతుంది. మొదటి దెబ్బ తప్పితే జంతువు ఉండదు. అలాంటివాడికి తుపాకి మెరవకూడదు. ఎండ పడి గొట్టం ఒక్కసారి తళుక్కుమంటే చాలు, జింక చెవులు నిక్కబొడుచుకుని దూకి పోతుంది.

తుప్పుతో వేసిన రంగు

తుపాకికి మెరుపు తీసే మొదటి పద్ధతి వింటే నాకు ఆశ్చర్యం వేసింది. ఇనుమును పాడుచేసే తుప్పునే ఇనుముకు కాపలా పెట్టారు.

గొట్టం మీద నూనె, జిడ్డు లేకుండా శుభ్రం చేస్తారు. ఆమ్లం, లవణాలు కలిపిన ద్రావణం పల్చగా పూసి తేమ ఉన్న చోట ఉంచుతారు. కొన్ని గంటల్లో సన్నటి తుప్పు పొర వస్తుంది. పైపైన ఉన్న పొడిని తీగ బ్రష్‌తో రుద్ది తీసేస్తారు. మళ్ళీ పూస్తారు, మళ్ళీ రుద్దుతారు. ఇలా చాలా సార్లు చేస్తే గొట్టం మీద గట్టి గోధుమ రంగు పొర నిలుస్తుంది. ప్రతిసారీ మరిగే నీళ్ళలో ఉడికిస్తే ఆ ఎర్రటి తుప్పు నల్లగా మారుతుంది. చివర నూనె పడుతుంది. దీనివల్ల రెండు లాభాలు. మెరుపు పోతుంది. వదులు తుప్పు పట్టకుండా కూడా ఉంటుంది. సైన్స్ పాఠంలో ఐరన్ ఆక్సైడ్ గురించి చదివాం కదా, ఇది అదే.

అంతకుముందు ఇంగ్లండు సైనికులు తుపాకి గొట్టాన్ని అద్దంలా తోమాల్సి వచ్చేది. 19వ శతాబ్దం మొదట్లో ఆ సైన్యం కూడా గొట్టాలకు గోధుమ రంగు పట్టించడం మొదలుపెట్టింది. కానీ బట్టలు మాత్రం ఇంకా ఎర్ర కోట్లే. తుపాకి మెరుపు తగ్గింది, మనిషి మెరుపు తగ్గలేదు.

మట్టిలో ముంచిన బట్ట

ఆ మార్పు మన ఉపఖండంలోనే జరిగింది. 1846లో హ్యారీ లమ్స్‌డెన్ అనే అధికారి పెషావరులో 'కోర్ ఆఫ్ గైడ్స్' అనే దళం తయారుచేశాడు. దారులు వెతకడం, శత్రువు సంగతి తెలుసుకోవడం వాళ్ళ పని. అక్కడి కొండలు, నేల అంతా దుమ్ము రంగు. ఎర్ర కోటు వేసుకుంటే మైళ్ళ దూరం నుంచి కనిపిస్తుంది. అందుకని తెల్ల నూలు బట్టను మట్టితో, చెట్ల రంగులతో అద్ది వాడారు. ఉర్దూలో 'ఖాక్' అంటే దుమ్ము. దుమ్ము రంగు కాబట్టి ఖాకీ. మనం రోజూ అనే ఖాకీ అనే మాట ప్రపంచమంతా ఇక్కడి నుంచే పోయింది.

1857 తిరుగుబాటు ఎండాకాలంలో మొదలైంది. అప్పుడు ఇంగ్లీషు దళాలు కూడా తమ తెల్ల బట్టలను చేతికి దొరికినదానితో ముంచుకున్నాయి. మట్టి, టీ, కాఫీ, సిరా, ఏది దొరికితే అది. ఒక్కో దళం ఒక్కో రంగులో కనిపించింది. ఉతికితే పోయే రంగులు అవి. ఉతికినా పోని ఖాకీ కావాలంటే అద్దకం తెలిసినవాళ్ళు కావాలి. మంగళూరులో బాసెల్ మిషన్ వాళ్ళ నేత కార్ఖానా ఆ శతాబ్దంలోనే ఖాకీ బట్టకు పేరు తెచ్చుకుంది. యుద్ధాల గురించి చదివేటప్పుడు సేనానుల పేర్లు గుర్తుపెట్టుకుంటాం. బట్టకు రంగు నిలిపిన అద్దకంవాళ్ళ పేర్లు మా పాఠంలో ఎక్కడా లేవు.

1899 నుంచి 1902 దాకా దక్షిణాఫ్రికాలో బోయర్ యుద్ధం జరిగింది. బోయర్లు రైతులు, వేటలో ఆరితేరినవాళ్ళు. రోజూ కట్టుకునే మట్టి రంగు బట్టలతోనే రాళ్ళ చాటు నుంచి కాల్చారు. వాళ్ళ తుపాకుల మందుకు పొగ కూడా పెద్దగా లేదు. ఎక్కడి నుంచి గుండు వచ్చిందో ఇంగ్లీషు సైన్యానికి తెలియలేదు. దాంతో మెరిసే గుండీలు, కత్తులు మానుకున్నారు. వేటగాడి పద్ధతి సైనికుడికి పాఠమైంది.

ఘిల్లీలు, గోనెపట్టాలు

ఆ యుద్ధం కోసమే 1900లో లార్డ్ లోవాట్ స్కాట్లాండులో 'లోవాట్ స్కౌట్స్' అనే దళం పెట్టాడు. అందులో చాలామంది అడవుల్లో జింకల వేటకు దారి చూపే పనివాళ్ళు. అక్కడి గేలిక్ భాషలో ఘిల్లీ అంటే కుర్రాడు, నౌకరు. వేటలో దొర వెంట నడిచేవాడు. గడ్డి పోచలు, గుడ్డ పేలికలు కుట్టుకుని, గడ్డిలో గడ్డిలా కనిపించే దుస్తును ఈనాటికీ ఘిల్లీ సూట్ అంటారు.

ఇది చదివినప్పుడు నాకు మా ముత్తాత గుర్తొచ్చాడు. ఆయన కూడా ఒక ఘిల్లీయే కదా! అడవిలో ఏ జంతువు ఎటు పోతుందో, గాలి ఎటు వీస్తుందో తెలిసినవాడు దొర కాదు, దొర వెంట నడిచేవాడు. అక్కడ ఆ నౌకర్ల విద్యకు పేరు మిగిలింది. ఇక్కడ హాకావాళ్ళకు ఏ పేరూ మిగలలేదు.

మొదటి ప్రపంచ యుద్ధంలో లోవాట్ స్కౌట్స్ నుంచి స్నైపర్లు వచ్చారు. స్నైపర్ అనే మాట కూడా మన దేశంలో పుట్టిందే. 18వ శతాబ్దంలో ఇక్కడి ఇంగ్లీషు సైనికాధికారులు తడి పొలాల్లో తిరిగే స్నైప్ అనే పొడవు ముక్కు పిట్టను వేటాడేవారు. అది చాలా చిన్నది, నేల రంగులో ఉంటుంది, వంకరటింకరగా ఎగురుతుంది. దాన్ని కొట్టగలిగినవాడికి గురి ఉన్నట్టు.

ఆ స్నైపర్లు తుపాకిని ఎలా దాచారు? గోనె పేలికలతో చుట్టారు. కందకాల్లో ఇసుక బస్తాలు గుట్టలుగా ఉండేవి. ఆ గోనెలో ఎంతో భాగం కలకత్తా చుట్టుపక్కల జనపనార మిల్లుల్లో నేసిన సరుకు. ఆ మిల్లుల్లో గంజాం, విశాఖ ప్రాంతాల నుంచి వలసపోయిన తెలుగు కూలీలు కూడా పనిచేశారు. మనం భివండికి వచ్చినట్టే వాళ్ళు టిటాగఢ్ లాంటి మిల్లు ఊళ్ళకు వెళ్ళారు. తాము నేసిన గోనె యూరప్‌లో ఎవరి తుపాకి చుట్టూ చుట్టారో వాళ్ళకూ తెలిసి ఉండదు.

చిత్రకారులు వచ్చారు

1915లో ఫ్రాన్సు సైన్యం చిత్రకారులతో ఒక విభాగం పెట్టింది. దానికి ముఖ్యుడు గిరాన్ ద సెవోలా, బొమ్మలు వేసేవాడు. ఫిరంగుల మీద రంగు పూసిన గుడ్డలు కప్పి విమానాల నుంచి కనబడకుండా చేయడం వాళ్ళ పని. కామోఫ్లాజ్ అనే ఫ్రెంచి మాట అప్పుడే అందరి నోట్లో పడింది. వాళ్ళ చేతి గుర్తు ఏమిటో తెలుసా? ఊసరవెల్లి!

అమెరికా చిత్రకారుడు అబట్ థేయర్ 1909లోనే జంతువుల రంగుల గురించి ఒక సంగతి చెప్పాడు. జింక వీపు ముదురుగా, పొట్ట తెల్లగా ఎందుకు ఉంటుంది? ఎండ పై నుంచి పడుతుంది కాబట్టి ఏ వస్తువుకైనా పై భాగం వెలుగుగా, కింది భాగం నీడగా కనిపిస్తుంది. అలా కనిపిస్తేనే అది గుండ్రని వస్తువు అని మన కన్ను గుర్తుపడుతుంది. జింక ఒంటి రంగు దీనికి తిరగబడి ఉంటుంది. వెలుగు, నీడ ఒకదాన్ని ఒకటి కొట్టేసుకుంటాయి. జంతువు చదునుగా మారి నేలలో కలిసిపోతుంది.

1940లో ఇంగ్లండులో హ్యూ కాట్ అనే జంతుశాస్త్రవేత్త దీన్ని నిజంగా పెద్ద తుపాకుల మీద పరీక్షించాడు. రైలు బండ్ల మీద అమర్చిన రెండు ఫిరంగుల్లో ఒకదానికి సైన్యం మామూలు పద్ధతిలో రంగు వేసింది. రెండో దానికి కాట్ జింకలాగా పైన ముదురు, కింద లేత రంగు వేశాడు. విమానం నుంచి ఫోటోలు తీస్తే మొదటిది తెలిసిపోయింది. కాట్ రంగు వేసినది దాదాపు కనబడలేదు.

ఇంట్లో వేసుకునే రంగు

రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక అమెరికాలో సైన్యం మిగిలిన మచ్చల బట్టలు చవకగా అమ్ముడుపోయాయి. బాతుల వేటగాళ్ళు అవి కొనుక్కున్నారు. వేటగాడి నుంచి సైనికుడికి పోయిన విద్య మళ్ళీ వేటగాడి దగ్గరకు వచ్చింది. 1970ల చివర వర్జీనియాలో జిమ్ క్రమ్లీ అనే వేటగాడు తన బట్టలకు ఇంట్లోనే ముడులు కట్టి రంగు అద్ది, మార్కర్ పెన్నుతో చెట్టు బెరడు గీతలు గీసుకున్నాడు. 1980లో అదే 'ట్రీబార్క్' పేరుతో అమ్మకానికి వచ్చింది. 1986లో టాక్సీ హాస్ అనే ఇంకొకడు అడవి నుంచి ఆకులు, పుల్లలు, మట్టి తీసుకువెళ్ళి బట్టల మిల్లువాళ్ళకు చూపించి, ఇలాంటి ప్రింటు కావాలన్నాడు. అది 'మాసీ ఓక్' అయింది.

బట్ట తర్వాత తుపాకి వంతు. అడవిలో సూటి గీత చాలా తక్కువ. కొమ్మ వంగుతుంది, గడ్డి ఊగుతుంది. నల్లని, పొడవైన, సూటి గొట్టం ఒక్కటే అక్కడ అతకని వస్తువు. అందుకే అక్కడి వేటగాళ్ళు తుపాకికి తామే రంగు వేసుకోవడం మొదలుపెట్టారు.

ఆ పని ఇలా ఉంటుంది. ముందు తుపాకిలో గుండు లేదని రెండుసార్లు చూసుకుంటారు. నూనె జిడ్డు తుడిచేస్తారు, లేకపోతే రంగు పట్టదు. గొట్టం మూతికి, గురి చూసే అద్దానికి, ట్రిగ్గర్ దగ్గర కదిలే భాగాలకు టేపు అంటిస్తారు. మెరుపు లేని లేత మట్టి రంగు మొదట స్ప్రే చేస్తారు. ఆరాక నిజమైన ఆకులను, గడ్డి పోచలను, వలగుడ్డను తుపాకి మీద పరిచి పై నుంచి ముదురు రంగు కొడతారు. ఆకు తీస్తే దాని ఆకారం లేత రంగులో మిగులుతుంది. ఇలా రెండు మూడు రంగులు. ఇప్పుడు రంగు అద్దిన ప్లాస్టిక్ పొరను నీటిలో తేల్చి, తుపాకి భాగాలను అందులో ముంచి తీసే పద్ధతి కూడా ఉంది.

ఈ సంగతి చెప్పగానే మా అమ్మమ్మ, "ఇది మా చిటికి పనే కదా" అంది. అమ్మమ్మ వాళ్ళది పోచంపల్లి దగ్గర ఊరు. అక్కడ నూలును ముందే గట్టిగా కట్టి రంగులో ముంచుతారు. కట్టిన చోట రంగు ఎక్కదు. అదే తర్వాత చీర మీద పువ్వు అవుతుంది. అడ్డం పెట్టిన చోట రంగు పడదు, అంతే సూత్రం. ఆకు అడ్డం పెడితే దాక్కునే తుపాకి, దారం అడ్డం పెడితే పదిమందిలో కనిపించే చీర.

కనబడే హక్కు

ఇక్కడ ఇంకో సంగతి తెలిసింది. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో తుపాకితో జింకల వేటకు పోయేవాళ్ళు మెరిసిపోయే నారింజ రంగు చొక్కా వేసుకోవాలని చట్టం ఉంది. దాక్కోవడం కోసం ఇంత కష్టపడినవాళ్ళు ఆ రంగు ఎందుకు వేసుకుంటారు? వేటగాళ్ళు ఒకరినొకరు జంతువు అనుకుని కాల్చుకోకుండా ఉండటానికి. జింక కంటికి ఎరుపుకు, ఆకుపచ్చకు తేడా తెలియదు కాబట్టి వేటకు నష్టం లేదు. నారింజ రంగు పులి అడవిలో దాక్కోగలిగేది కూడా అందుకే.

మా ముత్తాతకు తెల్ల రుమాలు ఉంది కానీ ఆయన ప్రాణానికి లెక్క చెప్పే చట్టం లేదు. రంగు ఒక్కటే మనిషిని కాపాడదని నాకు అర్థమైంది. దాక్కున్నవాడికి అందరూ కనిపిస్తారు, అతను ఎవరికీ కనిపించడు. చేతిలో తుపాకి కూడా ఉంటే అతనికి అడ్డు ఉండదు. గడీల్లో షికారుకు వాడిన తుపాకులు అడవికే ఆగలేదు. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్యను చంపింది దేశ్‌ముఖ్ మనుషుల తుపాకి గుండే. తెలంగాణ రైతాంగ పోరాటం ఆ తర్వాత పెద్దదై 1951 దాకా నడిచింది. ఆ పోరాటం వెట్టి మీద. హాకా కూడా వెట్టే.

ఇప్పుడు మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట నేరం. 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకి ఉంచుకోవడం నేరం. 2022లో మన సైన్యం తెచ్చిన కొత్త మచ్చల యూనిఫాం బట్టను బజారులో అమ్మకూడదు. తమ్ముడి ప్యాంటు ఆ ప్రింటు కాదని నాన్న చూసి చెప్పాడు.

ఊళ్ళో చీరల కంచె

పోయిన వేసవిలో ఊరికి వెళ్ళినప్పుడు చిన్నతాత మక్క చేను చూశాను. రాత్రిపూట అడవి పందులు వచ్చి చేనంతా తొక్కేస్తాయి. తుపాకి లేదు, ఉండకూడదు కూడా. చిన్నతాత ఏం చేశాడంటే చేను చుట్టూ కర్రలు పాతి పాత చీరలు కట్టాడు. ఎరుపు, పసుపు, నీలం, జరీ అంచు, పువ్వులు. గాలికి అవి రెపరెపలాడుతుంటే పందులు బెదిరి చాలావరకు రావట. మా చేను ఒక్కటే కాదు, దారి పొడుగునా చేలన్నీ చీరలు కట్టుకుని ఉన్నాయి.

తాత అక్కడే గట్టు మీద చాలాసేపు కూర్చున్నాడు. వాళ్ళ నాయినకు ఛర్రాలు తగిలిన అడవి ఆ చేను వెనకే మొదలవుతుంది. "గప్పుడు తుపాకోడు దాసుకున్నడు, మేము కనవడ్డం. ఇప్పుడు చేనే కనవడాలె" అన్నాడు.

ఈసారి దసరాకు ఊరికి వెళ్ళేటప్పుడు అమ్మ పాత చీరలు మూట కడుతోంది. అందులో రెండు భివండి బట్టవే. తమ్ముడి మిలిటరీ ప్యాంటు మోకాలి దగ్గర చిరిగింది. దాన్ని కూడా మూటలో పెడదామంటే తాత వద్దన్నాడు. "గది చేనుకు పనికిరాదు, కనవడది" అన్నాడు. అందరం నవ్వాం. అమ్మ దాన్ని కోసి సాంచ తుడిచే గుడ్డ చేసి నాన్నకు ఇచ్చింది.